కట్టె ధరకు నీళ్ళు కొంటున్నాం: వంటచెరకు తేమపై విస్తరణ దృష్టి అవసరం

ధాన్యం కొనుగోలు కేంద్రానికి వడ్లు తెచ్చిన రైతును మొట్టమొదట అడిగే ప్రశ్న తేమ శాతం ఎంత అని. 17 శాతం దాటితే మళ్ళీ ఆరబెట్టుకొని రమ్మంటారు. మొక్కజొన్నకు 14 శాతం పరిమితి ఉన్నది. తేమను కొలిచే పరికరం లేని కొనుగోలు కేంద్రాన్ని నేడు ఊహించలేము. అదే ఊరిలో, అదే రైతు కుటుంబం కట్టెల అడితికి వెళ్ళి ఒక క్వింటాలు వంటచెరకు కొన్నప్పుడు మాత్రం తేమ ప్రస్తావనే రాదు. నిన్న నరికిన దుంగకూ, రోహిణి కార్తె ఎండలో ఎండిన దుంగకూ కాటా మీద ఒకే ధర పలుకుతుంది. ధాన్యంలో నీటికి డబ్బు చెల్లించరాదని పదేళ్ళ పిల్లవానికి కూడా తెలిసేలా చెప్పగలిగిన మన విస్తరణ వ్యవస్థ, కట్టె విషయంలో ఆ మాట ఒక్కసారి కూడా చెప్పలేదు. ఇప్పటికైనా చెప్పవలసి ఉన్నదనీ, అది వ్యవసాయ విశ్వవిద్యాలయాల బాధ్యతేననీ నా అభిప్రాయం.

కట్టెల కాలం పోయిందా?

ఈ మాట అనగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో దేశవ్యాప్తంగా ఉజ్జ్వల పథకం వచ్చిన తరువాత వంటగదిలోకి గ్యాసు చేరింది. ఇది మహిళల ఆరోగ్యం దృష్ట్యా గొప్ప మార్పు. అయినప్పటికీ ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం దేశంలో శుద్ధమైన ఇంధనంతో వంట చేసుకునే కుటుంబాలు 58.6 శాతం మాత్రమే. మన రెండు రాష్ట్రాల పరిస్థితి అంతకన్నా మెరుగుగా ఉన్నది. కాని ఈ సర్వేలు అడిగేది వంటకు ప్రధానంగా వాడే ఇంధనం గురించి. గ్యాసు పొయ్యి మీద అన్నం, కూర వండుకొని, పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద కాగుతో స్నానానికి నీళ్ళు కాచుకునే ఇల్లు ఈ లెక్కలో శుద్ధ ఇంధనం వాడే ఇల్లే అవుతుంది. పశువులకు దాణా ఉడికించడం, వడియాలకు, పిండివంటలకు పెద్ద పొయ్యి పెట్టడం, పెళ్ళిళ్ళకు, జాతరలకు వంటలు చేయడం ఇవన్నీ నేటికీ కట్టెల మీదనే సాగుతున్నాయి.

ఏజెన్సీ ప్రాంతాల సంగతి వేరు. చింతపల్లి, లంబసింగి, పాడేరు, అరకు ప్రాంతాలలో డిసెంబరు, జనవరి నెలలలో రాత్రి ఉష్ణోగ్రత ఒక్క అంకెకు పడిపోతుంది. అక్కడ పొయ్యి వంటకే కాదు, ఇల్లు వెచ్చగా ఉండడానికి కూడా. గ్యాసు బండ ఆ రెండవ అవసరాన్ని తీర్చదు. అందువలన కట్టె వాడకం తగ్గుతున్నదనడం ఎంత నిజమో, మిగిలిన వాడకం త్వరలో పోదనడం కూడా అంతే నిజం.

తేమ లెక్క

పూర్తిగా తేమ తీసివేసిన కట్టె ఒక కిలో కాలితే సుమారు 4,400 కిలో కేలరీల వేడి వస్తుంది. తుమ్మ అయినా, సరుగుడు అయినా, సుబాబుల్ అయినా, బూరుగు అయినా బరువుకు బరువు చూస్తే ఈ విలువలో తేడా స్వల్పమే. బరువైన కట్టె, తేలిక కట్టె అన్న భేదం సాంద్రతలో ఉన్నది కాని, కిలోకు వచ్చే వేడిలో కాదు. కిలోకు వచ్చే వేడిని నిజంగా నిర్ణయించేది తేమ.

అప్పుడే నరికిన కట్టె బరువులో దాదాపు సగం నీరే ఉంటుంది. అటువంటి కట్టె ఒక కిలోలో ఎండు పదార్థం అర కిలో. దాని నుండి వచ్చే వేడి 2,200 కిలో కేలరీలు. మిగిలిన అర కిలో నీటిని కాచి ఆవిరి చేయడానికి సుమారు 300 కిలో కేలరీలు పోతాయి. చివరికి మిగిలేది 1,900. అదే 20 శాతం తేమ ఉన్న కట్టె అయితే 3,520 లో నుండి 120 పోగా 3,400 మిగులుతుంది. అంటే కిలోకు కిలో పోల్చితే ఎండు కట్టె పచ్చి కట్టె కంటే ఇంచుమించు 80 శాతం ఎక్కువ వేడినిస్తుంది.

ఇప్పుడు ధర సంగతి చూద్దాము. పచ్చి కట్టె కిలో 5 రూపాయలు, ఎండు కట్టె కిలో 8 రూపాయలు అనుకుందాము. కొనేవారికి ఎండు కట్టె ప్రియంగా కనబడుతుంది. కాని పచ్చి కట్టెలో ఒక రూపాయికి దక్కేది 380 కిలో కేలరీలు. ఎండు కట్టెలో 425. ప్రియమైనదిగా కనబడినదే చవక.

అమ్మేవాని వైపు నుండి కూడా ఈ లెక్క చూడాలి. 50 శాతం తేమ ఉన్న 1,000 కిలోల కట్టెను 20 శాతానికి ఆరబెడితే 625 కిలోలు మిగులుతుంది. 375 లీటర్ల నీరు గాలిలో కలిసిపోతుంది. తన సరుకు బరువు మూడవ వంతుకు పైగా తగ్గే వరకు నెలల తరబడి స్థలమిచ్చి, పెట్టుబడి ఆపుకొని కూర్చునే వర్తకుడు ధరను 1.6 రెట్లు చేస్తే తప్ప నిలదొక్కుకోలేడు. ఆ ధర ఎందుకో తెలియని కొనుగోలుదారు పక్క అడితికి వెళ్ళిపోతాడు. కాబట్టి ఎవరూ ఆరబెట్టరు. ఇందులో వర్తకుని మోసమేమీ లేదు. బరువుతో కొని, తేమ అడగని పద్ధతి పచ్చి కట్టె అమ్మకానికే బహుమతి ఇస్తున్నది. సమాచారం లేకపోవడం వలన సంత చెడిపోయిన సందర్భమిది. సమాచారం అందించడమే విస్తరణ శాస్త్రవేత్త వృత్తి.

ఇక్కడ విద్యార్థులు ఒక సందేహం లేవనెత్తవచ్చు. మొత్తం కుప్పను లెక్కిస్తే 1,000 కిలోల పచ్చి కట్టె నుండి 19 లక్షల కిలో కేలరీలు, దానినే ఆరబెట్టిన 625 కిలోల నుండి 21.25 లక్షల కిలో కేలరీలు వస్తాయి. తేడా 12 శాతమే కదా, దీని కోసం ఇంత శ్రమ ఎందుకు? ప్రశ్న సరైనదే. జవాబు పొగలో ఉన్నది. పై లెక్క కట్టె పూర్తిగా కాలినదని భావించి వేసినది. తడి కట్టె పొయ్యిలో నీరు మంటను చల్లబరుస్తుంది. కట్టె నుండి వెలువడిన వాయువులు అంటుకోకుండానే పొగగా బయటికి పోతాయి. పొగ అంటే కాలని ఇంధనమే. ఆ ఇంధనానికి డబ్బు చెల్లించి, దానిని ఇంటి ఇల్లాలి ఊపిరితిత్తులలోకి పంపుతున్నాము. ఆరబెట్టడం వలన కలిగే మేలులో పెద్ద భాగం ఈ నష్టం తగ్గడమే.

రెండు కొలతల తికమక

వ్యవసాయ శాస్త్రంలో గింజ తేమను తడి బరువు ఆధారంగా చెబుతాము. కలప శాస్త్రంలో మాత్రం ఎండు బరువు ఆధారంగా చెప్పడం పరిపాటి. తడి ఆధారంగా 50 శాతం అన్నది ఎండు ఆధారంగా 100 శాతం; 20 శాతం అన్నది 25 శాతం. కట్టెలో రెండు సూదులు గుచ్చి చూసే తేమ మాపకాలు సాధారణంగా ఎండు ఆధారపు విలువనే చూపుతాయి. ధాన్యపు మాపకానికి అలవాటుపడిన వారు ఈ భేదం గుర్తించకుండా సలహా ఇస్తే పొరపాటు జరుగుతుంది. సూదుల పరికరం తేమ ఎక్కువగా ఉన్న కట్టెలో నమ్మదగిన విలువ చూపదు. పైగా దుంగ పైభాగంలో గుచ్చితే లోపలి తేమ తెలియదు. దుంగను చీల్చి, అప్పుడే బయటపడిన ముఖం మీద చూడాలి. కళాశాలలోనైతే ఓవెన్‌లో 103 డిగ్రీల సెల్సియస్ వద్ద బరువు స్థిరపడేవరకు ఉంచి తూచడమే ప్రామాణిక పద్ధతి.

కొనేటప్పుడు

పల్లెలలో ట్రాక్టరు ట్రక్కు లెక్కన కట్టెలు కొనే పాత అలవాటు ఇంకా ఉన్నది. నగరవాసులు దీనిని అంచనా బేరమని చిన్నచూపు చూడవచ్చు. నిజానికి కాటా బేరం కంటే ఇదే తెలివైనది. ట్రక్కు కొలత ఘనపరిమాణపు కొలత. ఎండితే కట్టె బరువు చాలా తగ్గుతుంది కాని పరిమాణం కొద్దిగానే తగ్గుతుంది. కాబట్టి ఘనపరిమాణంతో కొనేవారు నీటికి డబ్బు చెల్లించరు. ఇందులో రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, పేర్పు. సర్కారు తుమ్మ వంటి వంకర కట్టెను వదులుగా వేస్తే ట్రక్కులో సగం గాలే ఉంటుంది. కట్టెలను ఒకే నిడివికి కోయించి, వరుసగా పేర్పించి, పొడవు, వెడల్పు, ఎత్తు కొలుచుకోవాలి. రెండవది, జాతి. పరిమాణంతో కొన్నప్పుడు సాంద్రత లెక్కలోకి వస్తుంది. సరుగుడు, నల్లతుమ్మ, సర్కారు తుమ్మ, చండ్ర ఒక ట్రక్కు ఇచ్చే వేడి బూరుగు, మునగ, మోదుగ ఇవ్వలేవు. సుబాబుల్, నీలగిరి, మామిడి ఈ రెంటికీ మధ్యస్థంగా ఉంటాయి.

బరువుతోనే కొనక తప్పనప్పుడు కన్ను, చెవి, చేయి ఉపయోగించాలి. ఎండిన దుంగ కోసిన ముఖం మీద మధ్య నుండి అంచుకు పగుళ్ళు కనబడతాయి. బెరడు వదులవుతుంది. రెండు ముక్కలు ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమని మోగుతాయి. పచ్చివైతే మొద్దు శబ్దం వస్తుంది. పొయ్యిలో పెట్టినప్పుడు కొసన నీరు, నురుగు ఉబికితే అది పచ్చి కట్టెయేనని వేరే పరీక్ష అక్కరలేదు.

ఎంత కొనాలన్నది కూడా లెక్క వేయగల విషయమే. నలుగురు ఉన్న ఇంట్లో రోజుకు 60 లీటర్ల నీటిని 25 డిగ్రీల మేర వేడి చేయడానికి 1,500 కిలో కేలరీలు కావాలి. సాధారణ పొయ్యి సామర్థ్యం 12 శాతం అనుకుంటే కట్టె నుండి 12,500 కిలో కేలరీలు రావాలి. అంటే రోజుకు 3.7 కిలోల ఎండు కట్టె. 100 రోజుల చలికాలానికి సుమారు 370 కిలోలు. తుమ్మ కట్టెను చక్కగా పేర్చితే ఇది ఒక ఘనపు మీటరు లోపే. గోడ పక్కన మనిషి నడుము ఎత్తు కుప్ప ఒక కుటుంబపు చలికాలాన్ని దాటిస్తుందన్నమాట. అదే పచ్చి కట్టె అయితే, పొయ్యి సామర్థ్యం తగ్గదని భావించినా, రోజుకు 6.6 కిలోలు కావాలి. తలమీద మోపు మోసుకొచ్చే స్త్రీకి ఈ రెండు అంకెల మధ్య తేడా ఏమిటో వివరించనక్కరలేదు.

ఆరబెట్టడం, నిల్వ చేయడం

మన వాతావరణం కట్టె ఆరబెట్టడానికి వరం వంటిది. వేసవి గాలిలో తేమ తక్కువగా ఉన్నప్పుడు కట్టె 10 శాతం లోపు తేమ వరకు కూడా ఆరగలదు. అదే కట్టెను వర్షాకాలపు గాలిలో ఉంచితే, వాన తగలకపోయినా 15 శాతానికి అటూ ఇటూ తిరిగి చేరుతుంది. కాబట్టి సంక్రాంతి తరువాత కొని, మాఘ ఫాల్గుణాలలో కోసి చీల్చి, రోహిణి ఎండల వరకు బయట ఆరనిచ్చి, మృగశిర కార్తె ప్రవేశించేలోగా కప్పు కిందికి చేర్చడం మనకు సరిపడే పంచాంగం. చలి మొదలైన తరువాత కట్టెల కోసం పరుగెత్తేవారికి దొరికేది వానకు నానిన పచ్చి కట్టే.

చీల్చడం అన్నిటికన్నా ముఖ్యం. కట్టెలో నీరు నారవెంబడి వేగంగా, నారకు అడ్డంగా చాలా నెమ్మదిగా కదులుతుంది. బెరడు దానిని ఇంకా అడ్డుకుంటుంది. పొట్టిగా కోసి చీల్చిన కట్టె ఒక్క వేసవిలో ఆరుతుంది. చీల్చని లావు దుంగ ఏడాది గడిచినా లోపల తడిగానే ఉండవచ్చు.

నిల్వ సూత్రాలు గింజల నిల్వను ఎరిగిన వారికి కొత్తవి కావు. నేలకు జానెడు ఎత్తులో రాళ్ళ మీద రెండు అడ్డకమ్మెలు వేసి వాటిపై పేర్చాలి. లేకుంటే అడుగు వరుస తడిని పీల్చి చెదలకు ఆహారమవుతుంది. గోడకు జానెడు ఎడం ఉంచాలి. గాలి వీచే దిక్కుకు కుప్ప వెడల్పు ముఖం ఉండాలి. పైన రేకు గాని తాటాకు గాని కప్పాలి. పక్కలు తెరిచి ఉంచాలి. ప్లాస్టిక్ పట్టాతో నలువైపులా చుట్టివేయడం తరచుగా చూస్తుంటాము. అది వానను ఆపినా లోపలి తేమను బయటికి పోనివ్వదు. కట్టెకు బూజు పడుతుంది. పాత కట్టె ముందు వాడేలా వరుసలకు గుర్తు పెట్టుకోవాలి. గడ్డివాము పక్కన, పొయ్యికి దగ్గరలో పెద్ద కుప్ప ఉండరాదు. తేళ్ళు, పాములు చేరే చోటు గనుక పిల్లలు ఆడే స్థలానికి దూరంగా ఉంచి, చీకట్లో చేయి పెట్టవద్దని చెప్పాలి. చెదలు పట్టకుండా కట్టెల మీద పురుగుమందు చల్లే అలవాటును గట్టిగా నిరుత్సాహపరచాలి. రంగు వేసిన చెక్కను, మందు పట్టించిన స్తంభాల ముక్కలను పొయ్యిలో పెట్టరాదు.

పంట కట్టెలు: మన రెండు సలహాల మధ్య రైతు

కందికట్టె, పత్తికట్టె, మిరపకట్టె ఎందరో రైతుల ఇళ్ళలో ఉచిత ఇంధనం. పత్తి విషయంలో మనమిచ్చే సలహా స్పష్టమైనదే: గులాబీ రంగు పురుగు విప్పుకోని కాయలలో దాగి తరువాతి పంటకు చేరుతుంది గనుక మోడులను పొలంలోను, గట్ల మీద, ఇంటి పక్కన నిల్వ ఉంచవద్దు, ముక్కలు చేసి నేలలో కలపండి అంటాము. ఈ సలహా శాస్త్రీయంగా సరైనది. కాని ఆ కట్టెతో నీళ్ళు కాచుకునే ఇంటికి దాని బదులు ఏమి వాడాలో మనం చెప్పలేదు. అందుకే సలహా విన్న రైతే కట్టెల కుప్ప వేసుకుంటున్నాడు. గట్టున సుబాబుల్ వరుస, బీడులో సర్కారు తుమ్మ, తోటలో కత్తిరింపుల కొమ్మలు, కాయలు మిగలని కందికట్టె ఇవన్నీ కలిపి ఆ కుటుంబానికి ఏడాది ఇంధన ప్రణాళిక వేసి ఇవ్వగలిగితే సస్యరక్షణ సలహాకు కూడా బలం చేకూరుతుంది.

చలి ప్రాంతాలకు మరొక మాట

ఏజెన్సీలో వానలు వెనుకబడ్డాక నరికిన కట్టె డిసెంబరు చలికి ఆరదు. ఒక ఏడాది ముందుచూపుతో, ఫిబ్రవరి, మార్చి నెలలలోనే రాబోయే చలికాలపు కట్టె సిద్ధం చేసుకోవడం అక్కడ మరింత అవసరం. కాఫీ తోటలలో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ కొమ్మల కత్తిరింపులను అడవి కట్టెకు బదులు వాడుకోవచ్చు. పొయ్యి పైన అటకమీద కట్టె ఆరబెట్టే అలవాటు మంచిదే కాని మంట అందనంత ఎత్తు ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, తలుపులు మూసిన గదిలో కుంపటి ఉంచుకొని నిద్రపోవడం ప్రాణాపాయం. నిప్పులలో పొగ లేదు కదా అని అనుకుంటారు. కాని ఎర్రని బొగ్గులు కార్బన్ మోనాక్సైడును వెలువరిస్తాయి. దానికి రంగు, వాసన లేవు. ఈ ఒక్క వాక్యం చలికాలంలో ప్రతి ఊరి సమావేశంలోనూ చెప్పదగినది.

ఆక్షేపణలు

కట్టె గురించి మంచి సలహా ఇస్తే కట్టె వాడకాన్ని ప్రోత్సహించినట్లు కాదా అని కొందరు సహోద్యోగులు అంటారు. గ్యాసు, సౌర నీటి హీటరు అందుబాటులో ఉన్న చోట అవే మేలని చెప్పడానికి వెనుకాడనవసరం లేదు. ఎండు కట్టె పొగ కూడా ఆరోగ్యానికి హానికరమే. ఎండినదైనంత మాత్రాన నిరపాయకరం కాదు. కాని రేపు మానివేయవలసిన పని గనుక నేడు సరిగా చేయనక్కరలేదనడం సరికాదు. ఇంగ్లండ్ దేశం ఇళ్ళలో కట్టె పొగను తగ్గించదలచి, నిషేధానికి ముందు తేమ మీద దృష్టి పెట్టింది. 2021 మే 1 నుండి అక్కడ 2 ఘనపు మీటర్ల లోపు అమ్మే వంటచెరకులో తేమ 20 శాతం మించరాదన్న నిబంధన అమలులోకి వచ్చింది. మన అడితులపై అటువంటి చట్టం నేడు సాధ్యం కాదు, అవసరమూ కాదు. కొనేవారు అడగడం నేర్చుకుంటే చాలు.

మరొక ఆక్షేపణ, ఇది మన శాఖ పని కాదన్నది. అటవీశాస్త్రం చెట్టును నరికే వరకు చూస్తుంది. గృహవిజ్ఞానం, ఇంజనీరింగు విభాగాలు పొయ్యిని చూస్తాయి. 1980లలో మొదలై 2002 వరకు నడిచిన జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమం కూడా దృష్టినంతా పొయ్యి మీదనే నిలిపింది. వ్యవసాయ అడవులపై 1983 నుండి అఖిల భారత సమన్వయ పరిశోధన సాగుతున్నది. 2014లో జాతీయ విధానం కూడా వచ్చింది. అయినా చెట్టుకూ పొయ్యికీ మధ్య ఉన్న ఆరు నెలలు ఎవరి పాఠ్యాంశంలోనూ లేవు. కోత అనంతర యాజమాన్యం అనే మాటను మనం గింజలకూ పండ్లకూ మాత్రమే పరిమితం చేసుకున్నాము. రైతు పొలంలో పండిన కట్టె కూడా పంటే.

చేయవలసినవి

నా సూచనలు నాలుగు. ఒకటి, గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమానికి వెళ్ళే విద్యార్థులు తమ గ్రామంలో దొరికే మూడు నాలుగు జాతుల కట్టెలను చీల్చినవి, చీల్చనివి, కప్పినవి, కప్పనివిగా గుర్తుపెట్టి వారానికొకసారి తూచి నమోదు చేయాలి. దీనికి ఒక తక్కెడ, ఒక పుస్తకం చాలు. కార్యక్రమం వానకాలంలో సాగుతుంది గనుక కప్పు విలువ ఏమిటో అంకెలలోనే తేలుతుంది. వేసవి భాగాన్ని కృషి విజ్ఞాన కేంద్రాలు పూర్తి చేయవచ్చు. రెండు, ఈ వివరాలతో మండలాల వారీగా కట్టె ఆరే కాలపు పట్టికలు తయారు చేసి పంటల పంచాంగంలో ఒక పుట కేటాయించాలి. మూడు, చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం వంటి చోట్ల ఏజెన్సీ ఇళ్ళకు తగిన చిన్న కట్టెల కొట్టం నమూనా నిలబెట్టి చూపాలి. నాలుగు, కట్టెలు మోసేది, పొయ్యి రాజేసేది ఎక్కువగా స్త్రీలే గనుక ఈ శిక్షణ మహిళా సంఘాల సమావేశాలలోనే మొదలు కావాలి. డబ్బిచ్చి కొనేది మాత్రం తరచుగా పురుషుడు. అతనికి చెప్పవలసినది రూపాయికి ఎన్ని కిలో కేలరీలన్న లెక్క.

వీటిలో దేనికీ కొత్త పథకం గాని, పెద్ద నిధులు గాని అక్కరలేదు. వచ్చే సంక్రాంతి తరువాత ఒక్కొక్క కృషి విజ్ఞాన కేంద్రం ఒక్కొక్క గ్రామంలో, ఒక్కొక్క కట్టెల కుప్పతో ఈ పని ప్రారంభించవచ్చు. మృగశిర కార్తె నాటికి ఆ కుప్ప ఎంత తేలికపడిందో ఊరివారే తూచి చూసుకుంటారు.